పశుపక్ష్యాదుల సంప్రదాయ విద్య

హైదరాబాదు నగరమునకు పడమట మాధాపురము, గచ్చిబౌలి, కొండాపురము, రాయదుర్గము అను గ్రామములు ఒకప్పుడు రాతిగుండ్లతోను, తుమ్మచెట్లతోను, సీతాఫలపు పొదలతోను, చెరువుగట్ల యీతచెట్లతోను నిండియుండెడివి. 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయీ 'సైబర్ టవర్స్' అను భవనమును ప్రారంభించెను. అది మొదలు ఆ ప్రాంతమునకు హైటెక్ సిటీ యను పేరు వచ్చెను. చుట్టుపట్ల నేలయంతయు సైబరాబాదు అనిపించుకొనెను. నేడు అచ్చట లక్షలకొలది యువతీయువకులు సమాచారమును సేకరించుట, భద్రపరచుట, ఒకరినుండి మరియొకరికి పంపుట అను పనిలో మునిగియున్నారు. ఆ అద్దాల కిటికీలకు వెలుపల, చెట్లమీదను, గుండ్లమీదను, ఇదే పని యెంతో పురాతనమైన పద్ధతిలో సాగుచున్నది. ఏ చెట్టు కాయ యెప్పుడు పండును, ఏ జీవిని చూచి పారిపోవలెను, ఏ యింటి తలుపు తెరచియుండును అను సమాచారము ఒక ప్రాణినుండి మరియొక ప్రాణికి, తల్లినుండి పిల్లకు ముట్టుచున్నది. దానికి గ్రంథము లేదు, యంత్రము లేదు. ఈ విద్యను మానవుడు ఎట్లు గుర్తించెనో, మనకు దానితో నేమి సంబంధమో ఈ ప్రసంగమున మనవి చేయుదును.

మొదట ఒక భేదమును గ్రహింపవలెను. ప్రాణికి గల నేర్పులన్నియు ఇతరులవలన వచ్చినవి కావు. కోకిలనే తీసికొనుడు. అది కాకిగూటిలో గ్రుడ్డు పెట్టును. కాకియే ఆ పిల్లను పెంచును. అందుచేతనే మన పూర్వులు కోకిలకు 'పరభృతము', అనగా ఇతరులచే పోషింపబడినది అని పేరు పెట్టిరి. కాకి అరపుల నడుమ పెరిగినను ఆ పిల్ల వసంతమున కాకివలె కూయదు, కోకిలవలెనే కూయును. ఆ కూత దానికి పుట్టుకతో వచ్చిన సొత్తు.

గిజిగాని సంగతి వేరు. ఈతచెట్టు కొమ్మలకు వ్రేలాడు ఆ గూడు చూచి ముచ్చటపడని తెలుగువాడు లేడు. నికొలస్, ఎల్సీ కొలియస్ అను శాస్త్రజ్ఞ దంపతులు దాని బంధువైన ఆఫ్రికా దేశపు నేతపిట్టపై పరిశోధన చేసి 1964లో ఫలితములను ప్రకటించిరి. గడ్డిపోచలు అందకుండ పెంచిన పడుచు మగపిట్టలకు, తరువాత పోచలిచ్చినను, నేయుట వెంటనే పట్టుబడలేదు. నేతకు వలయు పూనిక జన్మతో వచ్చును గాని, నైపుణ్యము అభ్యాసముచే రావలసియున్నది. ఇది సాధన, ఒకరిని చూచి నేర్చుట యని దీనివలన చెప్పలేము.

మూడవది, పెద్దలవలన వచ్చునది. ఇంగ్లండులో కేంబ్రిడ్జియందు విలియం థార్ప్ అను శాస్త్రజ్ఞుడు 1950 ప్రాంతములలో ధ్వనిని చిత్రముగా గీయు యంత్రమును ఉపయోగించి చాఫించ్ అను చిన్నపిట్ట పాటను పరిశీలించెను. తన జాతి పాట వినకుండ ఒంటరిగా పెరిగిన పిట్ట పాడునుగాని, ఆ పాటకు సరియైన రూపముండదని తేలెను. ఆయన శిష్యకోటిలోనివాడైన పీటర్ మార్లర్ అమెరికాలోని కాలిఫోర్నియాలో తెల్లతల పిచ్చుకలకు ఊరూరికి వేరు మాండలికము కలదని చూపెను. మనకు గోదావరి యాస, తెలంగాణపు యాస యున్నట్లే! పుట్టుక, సాధన, సంప్రదాయము అను ఈ మూటిని వేరుచేసి చూచుటయే ఈ శాస్త్ర చరిత్రలోని అసలు కష్టము.

జంతువుల తెలివిని గూర్చిన కథలు అన్ని దేశములయందును కలవు. 1882లో జార్జి రొమేన్స్ అను ఆంగ్లేయుడు అట్టి వృత్తాంతములను పోగుచేసి గ్రంథము వ్రాసెను. కాని వినిన కథ సాక్ష్యము కానేరదు గదా! పండ్రెండు సంవత్సరముల పిమ్మట, 1894లో, లాయిడ్ మోర్గన్ ఒక నియమమును చేసెను. ఒక ప్రాణి చేష్టను సామాన్యమైన మనోవ్యాపారముతో వివరించుటకు వీలున్నప్పుడు, అంతకంటె ఉన్నతమైన బుద్ధిని దానికి ఆరోపింపరాదని దాని సారాంశము. 1898లో అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను పెట్టెలలో బంధించి, ఒక పిల్లి గడియ తీయుట చూచినంతమాత్రమున మరియొక పిల్లి దానిని నేర్చుకొనదని నిర్ణయించెను. ఆ పిమ్మట చాలకాలము జంతువులకు అనుకరణ శక్తి లేదనియే పెక్కుమంది పండితులు తలంచిరి. పరీక్ష జరిగినది పెట్టెలలో గాని అడవిలో కాదని గుర్తించుటకు కాలము పట్టెను.

ఆ గుర్తింపునకు దారితీసినది ఇంటి గడపమీది పాలసీసా యన్న వింతగా నుండును. ఇంగ్లండులో పాలవాడు తెల్లవారకముందే సీసాలను వాకిట పెట్టిపోవుట ఆచారము. 1921లో సౌతాంప్టన్ పట్టణ సమీపమున టిట్ అను చిన్నపిట్టలు సీసా మూతను చింపి మీగడ త్రాగుట కనబడెను. క్రమముగా ఆ అలవాటు దేశమంతట వ్యాపించెను. జేమ్స్ ఫిషర్, రాబర్ట్ హైండ్ అను ఇరువురు గృహస్థులనుండి సమాచారమును సేకరించి 1949లో దాని చరిత్ర వ్రాసిరి. వారికి సాక్ష్యము చెప్పినవారు మనవంటి సంసారులే. 1984లో షెర్రీ, గేలఫ్ అను పరిశోధకులు మరియొక విషయమును చూపిరి. ఒక పిట్ట తెరచి విడిచిన పాత్రను చూచినంతనే మరియొక పిట్ట తనంతట తాను ఆ విద్య నేర్వగలదు. గురువు పనిచేయుట చూడనక్కరలేదు. కనుక వ్యాపించుట నిజమే యైనను, అది యెట్లు వ్యాపించెనను ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పరాదు.

ఇక జపాను కోతుల వృత్తాంతము. కోషిమా యను చిన్న దీవిలో క్యోటో విశ్వవిద్యాలయపు పరిశోధకులు 1952లో కోతులకు చిలగడదుంపలు వేయ నారంభించిరి. 1953లో 'ఇమో' అను పేరుగల పడుచు ఆడకోతి, ఇసుక అంటిన దుంపను నీటిలో కడిగి తినెను. ముందుగా దీనిని కనిపెట్టినది సత్సుయె మితో అను స్థానిక ఉపాధ్యాయిని. మొదట ఇమో తోడి పిల్లలు, తల్లి, తరువాత ఇతర బంధువులు ఆ పద్ధతిని అవలంబించిరి. 1958 నాటికి రెండు మొదలు ఏడేండ్ల వయసు గల 19 కోతులలో 15 దుంపలు కడుగుచుండగా, అంతకు పెద్దవైన 11 కోతులలో రెండు మాత్రమే కడుగుచుండెనని మసావో కవాయీ వ్రాసెను. క్రొత్త విద్య చిన్నవారికి త్వరగా నబ్బుటయు, పెద్దలు తమ పాత పద్ధతిని వీడలేకపోవుటయు మన యిండ్లలోను చూచుచున్నదే. ఆ విద్య మెల్లగా వ్యాపించినందున ఒక్కొక్క కోతి తనంతట తాను కనిపెట్టినదేమో యని తరువాతి విమర్శకులు సందేహించిరి. ఆ సందేహమే మరింత కట్టుదిట్టమైన పరీక్షలకు కారణమయ్యెను.

అట్టి పరీక్షలలో రెంటిని చెప్పుదును. 2006లో అమెరికాలోని సియాటిల్ నగరమున జాన్ మార్జ్‌లఫ్ అను ఆచార్యుడును, ఆయన అనుచరులును ఒక వికృతమైన ముఖపు తొడుగును ధరించి ఏడు కాకులను పట్టి, గుర్తులు కట్టి విడిచిపెట్టిరి. ఆ పిమ్మట ఆ తొడుగు ధరించిన వారెవ్వరు కనబడినను కాకులు గుంపుగూడి అరచెను. ఏండ్లు గడచినను ఆ పగ చల్లారలేదు. పట్టుబడని కాకులు సైతము ఆ ముఖమును శత్రుముఖముగా గుర్తించెను. మన ఊరకాకి అదే జాతి కాకపోయినను ఆ వంశములోనిదే. రెండవది, ఆక్స్‌ఫర్డ్ సమీపమున వైతమ్ అను అడవిలో లూసీ ఆప్లిన్ మొదలగువారు చేసిన పరీక్ష, 2015లో ప్రకటితమైనది. తలుపును రెండు విధములుగా తెరువదగిన మేతపెట్టెలను వారు అడవిలో ఉంచిరి. కొన్ని టిట్ పిట్టలకు ఒక విధమును, వేరొక చోటి పిట్టలకు రెండవ విధమును నేర్పి విడిచిపెట్టిరి. ఏ తావున ఏ విధము ముందు వచ్చెనో ఆ తావు పిట్టలలో ఆ విధమే ఆచారమై నిలచెను. మరుసటి యేటికి చాల పిట్టలు చనిపోయి క్రొత్తవి వచ్చినను ఆచారము మారలేదు. వ్యక్తులు పోయినను పద్ధతి నిలచుటనే గదా మనము సంప్రదాయమనుట!

ఇపుడు మన నేలకు వత్తము. హైదరాబాదు సంస్థానపు పక్షులను శాస్త్రీయముగా సర్వే చేసినవాడు సలీం అలీ. నిజాము ప్రభుత్వపు ఆదరణతో 1931-32లో ఆయన, భార్య తెహ్మినా తోడుగా, సంస్థానమంతయు సంచరించి ఏ పక్షి యెచ్చట నుండునో వివరము వ్రాసెను. ఆ నివేదిక బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘపు పత్రికలో 1933, 1934 సంవత్సరములలో వెలువడెను. పక్షులను కొట్టి, చర్మములను భద్రపరచి, కొలతలు వేయుట ఆ కాలపు పద్ధతి. కాని దానికి కొంచెము ముందే, 1930లో, కొంకణ తీరమున కిహీమ్ గ్రామములో సలీం అలీ ఒక చెట్టు వద్ద కూర్చుండి గిజిగాండ్ర సంసారమును రోజులకొలది కనిపెట్టియుండెను. మగపిట్ట గూడును సగము నేయుననియు, ఆడుపిట్ట వచ్చి పరీక్షించి నచ్చినచో స్వీకరించుననియు, వెంటనే మగపిట్ట మరియొక గూటికి పూనుకొనుననియు ఆయన లోకమునకు తెలిపెను. చర్మము చెప్పలేని సంగతి ఇది. చచ్చిన పక్షిని కొలుచుటనుండి బ్రతికిన పక్షిని కనిపెట్టుటకు శాస్త్రము మరలిన ఘట్టమును ఒక్క మనుష్యుని జీవితములో ఇట్లు చూడగలుగుచున్నాము.

పక్షులకంటె మనకు దగ్గరగా మసలు గురుశిష్యులు కోతులు. మన దక్షిణదేశపు కోతికి తలపై వెండ్రుకలు టోపీవలె పరచుకొనియుండును, తోక పొడవు. దీనిని శాస్త్రజ్ఞులు బానెట్ మకాక్ అందురు. ఉత్తరదేశపు కోతి రీసస్. దాని తోక పొట్టి. తూర్పున గోదావరి, పడమట తాపీ నది ఈ రెంటికి పొలిమేరలని పూర్వము గ్రంథములలో వ్రాసిరి. రీసస్ కోతులు ఆ పొలిమేర దాటి దక్షిణమునకు చొచ్చుకొనివచ్చి, బానెట్ కోతుల తావులను ఆక్రమించుచున్నవని 2011లో పరిశోధకులు ప్రకటించిరి. ఒకచోట పట్టిన కోతులను వేరొకచోట విడిచిపెట్టుట కూడ అందుకొక కారణము.

ఈ బానెట్ కోతులపై కర్ణాటకములోని బందీపురమున జరిగిన పరిశీలన 2018లో వెలువడెను. అచ్చటి కోతులు బాటసారుల ముందు చేయి చాచి, ఒక మెత్తని కూతతో ఆహారము అడుగుచున్నవి. ఎదుటి మనిషి తమవైపు చూచుచున్నాడా లేదా యని కనిపెట్టుచున్నవి. చేయి చాచి యాచించుట అడవిలో కోతికి అవసరమైన విద్య కాదు. అది మనుష్యుని సన్నిధిలో పుట్టిన విద్య. గుడిమెట్ల మీద, కొండదారుల వెంట పుణ్యమనుకొని మనమిచ్చు అరటిపండు ఒక ఆహారము మాత్రమే కాదు, ఒక పాఠము. తల్లి పొట్టను కరచుకొనియున్న పిల్ల ఆ పాఠమును కన్నులార చూచుచుండును. ఆ పిల్ల పెద్దదై పంటచేనిలోనో, వంటయింటిలోనో ప్రవేశించినప్పుడు దానిని దొంగ యందుము. దానికి చదువు చెప్పినదెవరో మరచిపోవుదుము.

తెలంగాణమునను ఆంధ్రమునను రైతులకు కోతులవలన కలుగు నష్టము నిజము, దానిని పరిహసింపరాదు. తెలంగాణ ప్రభుత్వము 2020లో నిర్మల్ సమీపమున కోతుల సంరక్షణ, సంతాన నియంత్రణ కేంద్రమును నెలకొల్పెను. కాని సంతానమును అరికట్టినంతమాత్రమున పాఠము ఆగదు. ఒకచోట యాచన నేర్చిన కోతిని బండిలో ఎక్కించి దూరపు అడవిలో విడిచినచో అడవికి పంపబడినది కోతి యొక్కటియే కాదు; దాని విద్య కూడ. అది సమీప గ్రామమును వెదకికొనివచ్చుటలో ఆశ్చర్యమేమున్నది?

ఈ విద్యకు మేలువైపు కూడ నున్నది. చిత్తూరు ప్రాంతమున సుమారు రెండువందల యేండ్లు ఏనుగులు లేకుండెను. 1980 తరువాతి సంవత్సరములలో పొరుగు రాష్ట్రముల అడవులనుండి కొన్ని మందలు అచ్చటికి వచ్చెను. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడెను. ఏనుగుల మందకు ముసలి ఆడు ఏనుగు నాయకురాలు. ఆమె ప్రాముఖ్యమేమో కెన్యా దేశమున అంబొసెలిలో కరెన్ మెక్‌కోంబ్ మొదలగువారు పరిశోధించి 2001లో తెలిపిరి. నాయకురాలి వయసు ఎంత యెక్కువయైన, పరిచితుల కేకను అపరిచితుల కేకనుండి వేరుచేయుటలో ఆ మంద అంత నేర్పు గలదై, పిల్లలను కూడ అధికముగా కనుచుండెను. వృద్ధురాలి జ్ఞాపకము మంద కంతకు మూలధనము. దంతము కొరకో, పంట తగాదాలోనో ఒక ముసలి ఏనుగు చచ్చినప్పుడు లెక్కపుస్తకములో ఒకటి మాత్రమే తగ్గును. మందకు కలిగిన నష్టము ఆ యొక్క అంకెలో ఇమడదు.

హైదరాబాదులో సి.సి.ఎం.బి. అను జీవశాస్త్ర సంస్థకు అనుబంధముగా, లాల్జీ సింగ్ సంకల్పమువలన, అత్తాపురమున 'లాకోన్స్' అను ప్రయోగశాల వెలసెను. 2006లో అచ్చట కృత్రిమ గర్భధారణచే ఒక చుక్కలదుప్పి పిల్ల జన్మించెను. దానికి 'స్పాటీ' యని పేరు. 2007లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఆ ప్రయోగశాలను జాతికి అంకితము చేసెను. అంతరించిపోవు ప్రాణుల జీవకణములను అతిశీతలమున భద్రపరచుట అచ్చటి ముఖ్యకార్యములలో నొకటి. ఇది గొప్ప కార్యము. మన నగరమునకు గర్వకారణము. అయినను ఆ శీతల పాత్రలో నిలువనిది ఒకటి కలదు. తల్లి పిల్లకు చూపిన దారి, ముసలిది పడుచుకు తెలిపిన భయము, తండ్రినుండి కుమారుడు వినిన పాట కణములలో నుండవు. అవి బ్రతికిన సంఘములోనే నిలచును.

దీనికి దృష్టాంతము ఆస్ట్రేలియాలో దొరకెను. రీజెంట్ హనీఈటర్ అను తేనెపిట్ట సంఖ్య మిక్కిలి తగ్గిపోయినది. పాట నేర్పుటకు పెద్ద మగపిట్టలు చాలినన్ని లేనందున పడుచుపిట్టలలో కొన్ని ఇతర జాతుల పాటలను పాడుచున్నవని 2021లో ప్రకటించిరి. తన పాట మరచిన పిట్టను ఆడుపిట్ట ఆదరించుట తక్కువ. జాతి యింకను బ్రతికియే యున్నది, కాని దాని భాష చచ్చుచున్నది. అటుపిమ్మట జాతియు నిలచుట కష్టము.

ఇట్టి నష్టమును లోకము ఇప్పుడిప్పుడే గణించుచున్నది. వలసజీవుల సంరక్షణకై యేర్పడిన అంతర్జాతీయ ఒడంబడికలోని దేశములు 2014లో ఈక్వడారు రాజధాని కీటో నగరమున సమావేశమై, జంతువుల సంస్కృతిని కూడ సంరక్షణ విషయమున పరిగణింపవలెనని తీర్మానించెను. ఆ ఒడంబడికలో భారతదేశము సభ్యురాలు. 2020లో ఆ దేశముల సమావేశము గాంధీనగరమున జరిగెను.

మరల గచ్చిబౌలికి వత్తము. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు అచ్చట మొదట రమారమి 2,300 ఎకరముల నేల కేటాయింపబడెను. దాని ప్రక్కనే కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరములలో 2025 మార్చి చివర యంత్రములతో చెట్లను తొలగింప నారంభించిరి. విద్యార్థులు ఎదిరించిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు ఆ పనిని నిలుపవలసినదని ఆదేశించెను. ఆ నేల యెవరిది, దానిని ఎట్లు వినియోగింపవలెను అనునవి న్యాయస్థానములు తేల్చవలసిన విషయములు. వానిని గూర్చి నేను తీర్పు చెప్పబూనలేదు. ఒక్కమాట మాత్రము చెప్పుదును. చెట్టు నరికినచోట చెట్టు నాటవచ్చును. నెమళ్ళను వేరొకచోటికి తరలింపవచ్చును. కాని ఏ గుండు చాటున నీరు నిలచునో, ఏ పొదలో వేసవిలో నీడ దొరకునో తెలిసిన తరము చెదరిపోయినచో, ఆ తెలివిని నాటుటకు నారుమడి లేదు.

ఇక గృహస్థులు చేయదగినదేమి? మన మేడమీది నీటి కుళాయిని ఒకనాడు ఒక ఆడకోతి త్రిప్పి నీరు త్రాగెననుకొందము. వారము దినముల పిమ్మట దాని పిల్ల అట్లే చేసెను. 'తల్లిని చూచి నేర్చినది' అని మనము వెంటనే అందుము. కాని మోర్గన్ నియమమును జ్ఞాపకము చేసికొనుడు. పిల్ల తనంతట తాను కుళాయితో ఆడుచు కనిపెట్టెనేమో! కారుచున్న నీటిచుక్క దాని దృష్టిని అచ్చటికి ఆకర్షించెనేమో! నిజము తెలియవలెనన్న, ఏ దినమున, ఏ కోతి, ఎవరి సమక్షమున, ఎన్నిమార్లు ప్రయత్నించెనో వ్రాసికొనవలెను. పాలసీసాల చరిత్ర అట్టి సాక్ష్యములనుండియే తయారయ్యెను. హైటెక్ సిటీలోని ఎత్తైన మిద్దెలలో నివసించు మనవారికి కన్నులు కలవు, కాగితము కలదు, చేతిలో ఛాయాచిత్ర యంత్రము కూడ కలదు. కావలసినది కొంచెము ఓర్పు.

ఆ కుళాయిని బిగించి కట్టుటయు, కోతికి చేతితో పండు అందింపకుండుటయు, చెత్తబుట్టకు మూత పెట్టుటయు చిన్నపనులు. పుణ్యము కోరువారికి ఇవి కఠినముగా తోచవచ్చును. ఐనను ఆ ప్రాణి మనలను చూచి నేర్చుకొనుచున్నదని తెలిసిన పిమ్మట, మనము చేయు ప్రతి పనియు దాని పిల్లల వరకు పోవునని తెలిసిన పిమ్మట, చేయి చాచుటకు ముందు ఒక క్షణము ఆలోచింపక తప్పదు. సైబరాబాదులో మనము మన పిల్లలకు చదువు చెప్పించుచున్నాము. మనకు తెలియకుండగనే పొరుగువారి పిల్లలకు కూడ చెప్పుచున్నాము.